కెటమిన్ సీసా, పశువుల క్లినిక్ తాళం: తరచుగా అడిగే ప్రశ్నలు

చిన్న పట్టణంలో పశువుల క్లినిక్ నడుపుతున్నాను. కుక్కల్నీ పిల్లుల్నీ తెచ్చేవాళ్లు కౌంటర్ దగ్గర, కొత్తగా ప్రాక్టీసు పెట్టిన జూనియర్లు ఫోన్‌లో, కెటమిన్ అనే మత్తుమందు గురించి తిప్పి తిప్పి ఇవే సందేహాలు అడుగుతుంటారు. అందుకే ఒకచోట రాసిపెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు, వరసగా చదవాల్సిన పని లేదు. చట్టం గురించి రాసిందంతా మన దేశానికి సంబంధించింది. వేరే దేశం సంగతైతే ఆ మాట అక్కడే చెప్పాను.

## ముందుగా తెలియాల్సినవి

డాక్టర్ గారూ, కెటమిన్ అంటే డ్రగ్స్ కదా? మా కుక్కకి అదా ఇచ్చేది?

అవును, అదే మందు. కానీ అది పుట్టింది మత్తుమందుగానే. 1962లో అమెరికాలో తయారైంది, 1970లో మనుషుల వాడకానికి అక్కడ అనుమతి వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985 నుంచీ దీన్ని అత్యవసర మందుల జాబితాలో ఉంచింది. కండకు ఇంజెక్షన్ ఇచ్చినా పనిచేస్తుంది. మామూలు మోతాదులో ఊపిరి ఆగిపోదు, గుండె కొట్టుకోవడం పడిపోదు. నరం దొరకని పిల్లికీ, దగ్గరికి రానివ్వని వీధికుక్కకీ ఇంతకంటే అక్కరకొచ్చే మందు మా చేతిలో లేదు. ఇదే మందును కొందరు పార్టీల్లో మత్తు కోసం వాడుతున్నారన్నదీ నిజమే. దానివల్ల మూత్రాశయం దెబ్బతిని బతుకులు పాడైనవాళ్లున్నారు. కాబట్టి దీని మీద నిఘా ఎందుకని నేను అడగను.

ఇంత కట్టుదిట్టం ఎప్పటి నుంచి?

2011లో కెటమిన్‌ను ఎన్‌డీపీఎస్ చట్టం కింద, అంటే 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద చేర్చారు. ఆ తర్వాత కొన్నేళ్లకే మందుల నిబంధనల్లో షెడ్యూల్ హెచ్ (చీటీ ఉంటే అమ్మే మందుల జాబితా) నుంచి షెడ్యూల్ ఎక్స్‌కి (అంతకంటే కట్టుదిట్టంగా అమ్మాల్సిన వాటి జాబితా) మార్చారు. మొదటి దానితో పోలీసులు కూడా ఇందులోకి వచ్చారు. రెండో దానితో అమ్మే షాపులు తగ్గిపోయాయి. మా రోజువారీ ఇబ్బంది ఎక్కువగా రెండో దానివల్లే.

మిగతా మత్తుమందులకీ ఇదే రూలా?

ఒక్కో మందుకు ఒక్కో తీరు. ప్రొపోఫాల్ షెడ్యూల్ హెచ్‌లో ఉంది, చీటీ ఉంటే దొరుకుతుంది. డయాజిపామ్, మిడజోలామ్ మాదకద్రవ్యాల చట్టం జాబితాలోనూ ఉన్నాయి. నొప్పికి ఇచ్చే ట్రమడాల్ 2018లో అదే జాబితాలోకి వెళ్లింది. నిద్రపుచ్చడానికీ నొప్పి తీయడానికీ మేం రోజూ చేయి పెట్టే అలమారాలో సగం ఇప్పుడు ఏదో ఒక జాబితా కిందే ఉందన్నమాట.

మా గేదెకి పొట్ట కోసి ఆపరేషన్ చేయాలన్నారు. దానికీ ఈ గొడవ ఉంటుందా?

సాధారణంగా ఉండదు. గేదెలకీ ఆవులకీ పొట్ట ఆపరేషన్లు, కష్టమైన కాన్పులకు కోత, చాలావరకు నిలబెట్టే చేస్తాం. డొక్క దగ్గర లిగ్నోకైన్‌తో తిమ్మిరెక్కిస్తే సరిపోతుంది. అది మామూలుగా దొరికే మందే. మీరు టెన్షన్ పడకండి. ఆలస్యం చేయకుండా పశువుని తీసుకురండి, అది ముఖ్యం.

## మందు కొనే దగ్గర

చీటీ రాసివ్వండి, మెడికల్ షాపులో మేమే కొనుక్కొస్తాం. ఎందుకు కుదరదంటున్నారు?

షెడ్యూల్ ఎక్స్ మందు అమ్మాలంటే షాపుకు మామూలు లైసెన్సు చాలదు. ఫారం 20-ఎఫ్ అని విడిగా తీసుకోవాలి. చీటీ రెండు ప్రతులుగా ఉండాలి, ఒకటి షాపువాళ్లు రెండేళ్లు దాచాలి. మందును తాళం వేసి ఉంచాలి, లెక్క విడిగా రాయాలి. నెలకు నాలుగు సీసాలు అమ్ముడుపోయే మందు కోసం ఇంత తలనొప్పి ఎవరు పెట్టుకుంటారు? అందుకే చిన్న పట్టణాల్లో చాలా షాపులు అసలు తెప్పించవు. మీరు పది షాపులు తిరిగినా అనుమానంగా చూస్తారే తప్ప మందు దొరకదు. మీకు ఆ అవమానం ఎందుకని నేనే వద్దంటాను.

పశువైద్యుడు రాసిన చీటీ ఈ మందుకి చెల్లుతుందా?

చెల్లుతుంది. మందుల నిబంధనల్లో ‘రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్’ అన్న మాటకిచ్చిన నిర్వచనంలోనే తగిన అర్హత ఉన్న పశువైద్యుడు కూడా ఉన్నాడు. కానీ కౌంటర్ వెనక ఉన్న కుర్రాడికి ఆ నిర్వచనం తెలియదు. ‘ఇది కుక్క డాక్టర్ చీటీ, మేం ఇవ్వం’ అన్న మాట నా చెవులతో విన్నాను. చీటీ మీద మీ వెటర్నరీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు, క్లినిక్ అడ్రసు, జంతువు యజమాని పేరు, మందు పరిమాణం అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయండి. సగం అనుమానాలు అక్కడే తీరిపోతాయి.

నా క్లినిక్‌కి మందుల అమ్మకం లైసెన్సు తీసుకోవాలా?

మీరు చూస్తున్న జంతువులకే మందు ఇస్తూ, బయటివాళ్లకు అమ్మకుండా ఉంటే, మందుల నిబంధనల్లోని షెడ్యూల్ కె కింద లైసెన్సు నుంచి మినహాయింపు ఉంది. కానీ ఆ మినహాయింపుకు షరతులున్నాయి. లైసెన్సు ఉన్నవాళ్ల దగ్గరే కొనాలి. ఎవరి దగ్గర, ఎప్పుడు, ఎంత కొన్నారో రాసి ఉంచాలి. షెడ్యూల్ ఎక్స్ మందైతే ఏ రోగికి, ఎంత, ఏ తేదీన ఇచ్చారో రిజిస్టరులో నంబరు వేసి రాయాలి. ఇన్‌స్పెక్టర్ అడిగితే చూపించాలి. క్లినిక్ ముందు గదిలో మందుల షాపు కూడా నడుపుతుంటే సంగతి వేరు, దానికి లైసెన్సు తప్పదు. పని మొదలుపెట్టే ముందే మీ జిల్లా ఔషధ నియంత్రణ కార్యాలయానికి ఒకసారి వెళ్లి, మీ క్లినిక్ ఏ కోవలోకి వస్తుందో అడిగి రండి.

డిస్ట్రిబ్యూటర్ 10 మి.లీ. సీసా ఇవ్వనంటున్నాడు. ఇది వాళ్ల మొండితనమా, రూలా?

రూలే. చాలామంది సీనియర్లకు కూడా తెలియని సంగతి ఇది. మందుల నిబంధనల్లో 105-ఎ ప్రకారం షెడ్యూల్ ఎక్స్ ఇంజెక్షన్ ప్యాకింగ్ 5 మి.లీ. దాటకూడదు. ఆసుపత్రులకు, డిస్పెన్సరీలకు మాత్రం అంతకంటే పెద్ద ప్యాకింగ్ ఇవ్వొచ్చు. అదీ తయారీదారు లేదా డిస్ట్రిబ్యూటర్ నేరుగా వాళ్లకే ఇవ్వాలి. ఆ ఆసుపత్రి ప్యాకింగ్ చిల్లర షాపుకు గానీ, వ్యక్తిగతంగా ప్రాక్టీసు చేసే డాక్టరుకు గానీ ఇవ్వకూడదని అందులోనే ఉంది.

ఇప్పుడు మన పరిస్థితి చూడండి. మార్కెట్లో ఎక్కువగా కనిపించేది 10 మి.లీ. సీసా. రెండు గదులు, ఒక ఆపరేషన్ బల్ల, ఒక సహాయకుడు ఉన్న నా క్లినిక్ ఆసుపత్రా, వ్యక్తిగత ప్రాక్టీసా? ఒక డిస్ట్రిబ్యూటర్ ఆసుపత్రే అంటాడు, ఇంకొకడు కాదంటాడు. ఈ నిబంధన రాసినవాళ్ల కళ్లముందు మనుషుల ఆసుపత్రి, మందుల షాపు, డాక్టరు ఉన్నారు. పశువుల క్లినిక్ అనేది ఒకటుందని వాళ్లకు తట్టినట్టు లేదు. నా బాధంతా ఇక్కడే. మీ సంస్థను ఏ పేరుతో రిజిస్టరు చేశారో ఆ కాగితాల నకలు, మీ కౌన్సిల్ సర్టిఫికెట్టు, లెటర్‌హెడ్ మీద కావలసిన పరిమాణం, ఈ మూడూ డిస్ట్రిబ్యూటర్‌కు ముందే ఇచ్చి రసీదు తీసుకోండి. 2 మి.లీ. ఆంపుల్స్ దొరికితే ఖర్చు ఎక్కువైనా అవే తీసుకోండి.

పక్క ఊళ్లో నా క్లాస్‌మేట్ క్లినిక్ ఉంది. అవసరానికి రెండు సీసాలు అప్పు తెచ్చుకోవచ్చా?

వద్దు. మనసులో ఎంత మంచి ఉద్దేశమున్నా, కాగితం లేకుండా చేతులు మారిన సీసా ఇద్దరి మెడకూ చుట్టుకుంటుంది. మనుషుల ఆసుపత్రిలో పనిచేసే బంధువు దగ్గర తెచ్చుకోవడమూ అంతే. అంతకంటే జంతువునే మీ క్లాస్‌మేట్ క్లినిక్‌కి పంపండి, మీరూ వెళ్లి చేయి కలపండి.

## ఆపరేషన్ రోజు

మందు దొరకలేదని ఆపరేషన్ వాయిదా వేశారు. ఇది నిజమేనా, లేక డాక్టర్ తప్పించుకుంటున్నారా?

చాలాసార్లు నిజమే. నాకే జరిగిన సంగతి చెబుతాను. ఒక శనివారం సాయంత్రం ఆరేళ్ల నాటు కుక్కని తెచ్చారు. గర్భసంచిలో చీము, ఒళ్లు కాలిపోతోంది, నీళ్లు తాగి కక్కుతోంది. లాకర్ తీస్తే సీసాలో ఒక మి.లీ. కూడా లేదు. పదిరోజుల ముందే ఆర్డరు పెట్టాను. సరఫరాదారు ‘సోమవారం పేపర్లు చూసి పంపిస్తాం’ అన్నాడు. ప్రొపోఫాల్ ఉంది కానీ, ఆ స్థితిలో ఉన్న కుక్కకి ఆక్సిజన్ మిషన్ లేకుండా దాంతో గంటసేపు నడపడం ప్రమాదం. సెలైన్, యాంటీబయాటిక్ ఎక్కించి, రాత్రికి రాత్రి సిటీకి పంపాను. కారు వెనక సీట్లో దుప్పటి పరిచి, సెలైన్ సీసా పట్టుకుని వాళ్ల పెద్దబ్బాయి కూర్చున్నాడు. కుక్క బతికింది. నూట ఇరవై కిలోమీటర్లు తీసుకెళ్లే కారు అందరికీ ఉండదు కదా.

మీ డాక్టర్ వాయిదా వేస్తే, మందు ఎప్పటికి వస్తుందని అడగండి. అత్యవసరమైతే ఎక్కడికి పంపుతారో కూడా అడగండి. రెండింటికీ సూటిగా జవాబిస్తే నమ్మవచ్చు.

కెటమిన్ కాకపోతే వేరే మందు లేదా?

ఉన్నాయి, కానీ ఒక్కోదానికి ఒక్కో ఖరీదు. ప్రొపోఫాల్‌కు నరం కావాలి, ఊపిరి తగ్గితే ఆదుకోవడానికి గొట్టం, ఆక్సిజన్ దగ్గరుండాలి. ఐసోఫ్లూరేన్ గ్యాస్ మంచిదే, దానికి మిషను కొనాలి, నడిపే మనిషి కావాలి. మగతగా పడుకోబెట్టే జైలజీన్ ఒక్కటే ఇచ్చి కోయడం తప్పు. జంతువు కదలదు గానీ, కోతకు తట్టుకునేంత నొప్పి నివారణ దాంతో రాదు. కెటమిన్ దొరకని రోజుల్లో కొన్నిచోట్ల జరుగుతున్నది ఇదేనన్నది నా భయం.

ఒక్క కుట్టే కదా డాక్టర్ గారూ, గట్టిగా పట్టుకుంటాం, మత్తు లేకుండా వేసేయండి.

వేయను. కనీసం లిగ్నోకైన్‌తో ఆ చోటు తిమ్మిరెక్కించాకే సూది పట్టుకుంటాను. నొప్పికి ఎదురు తిరిగిన కుక్క పట్టుకున్నవాళ్ల చేతినే కొరుకుతుంది.

వీధికుక్కల ఫ్యామిలీ ప్లానింగ్ ఆపరేషన్లకూ ఈ మందేనా?

ఎక్కువచోట్ల జైలజీన్, కెటమిన్ కలిపే వాడతారు. 2001 నాటి నిబంధనల స్థానంలో 2023 మార్చిలో కొత్త జంతు జనన నియంత్రణ నిబంధనలు వచ్చాయి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలాలని చెప్పింది. రేబిస్ ఉన్నవాటికీ, మీదపడే కుక్కలకూ అది వర్తించదంది. అదే ఏడాది నవంబరులో, బడులు, ఆసుపత్రులు, బస్టాండ్ల లాంటి చోట్ల పట్టినవాటిని మళ్లీ అక్కడే వదలొద్దని కూడా చెప్పింది. అంటే ఆపరేషన్ల సంఖ్య పెరగాలని అందరూ కోరుతున్నారు.

ఇప్పుడు లెక్క వేయండి. రోజుకు పాతిక కుక్కలు, ఒక్కోదానికి సుమారు 2 మి.లీ. అనుకుంటే 50 మి.లీ., అంటే 10 మి.లీ. సీసాలు అయిదు. మి.లీ.కి 50 మి.గ్రా. చొప్పున 2.5 గ్రాముల కెటమిన్. చట్టవిరుద్ధంగా ఉంచుకున్నా శిక్ష తక్కువగా ఉండే ‘స్వల్ప పరిమాణం’ అని చట్టం దీనికి పెట్టిన గీత 10 గ్రాములు. నిజాయితీగా పనిచేసే ఒక కేంద్రం నాలుగు రోజుల్లో ఆ గీత దగ్గరికి వచ్చేస్తుంది. సరైన కాగితాలుంటే అది చికిత్స, లేకపోతే కేసు. ఆపరేషన్లు ఎన్ని చేయాలో చెప్పే ఉత్తర్వులోనే మందు ఏ దారిన వస్తుందో కూడా చెబితే బాగుండును.

ఇంటికొచ్చి మత్తు ఇచ్చి చేయగలరా?

లిగ్నోకైన్‌తో అయ్యే చిన్న పనులకు వస్తాను. కెటమిన్ సీసా సంచిలో వేసుకుని తిరగడం నాకు ఇష్టం లేదు. దారిలో ఎవరైనా ఆపి అడిగితే నా మాట, నా కౌన్సిల్ కార్డు తప్ప చూపించడానికి ఏమీ ఉండదు. పల్లెల్లో తిరిగే తోటి వైద్యులకు ఆ సుఖం లేదు, వాళ్లకు వెళ్లక తప్పదు. అలాంటివాళ్లు కొనుగోలు బిల్లు నకలు, ఆరోజు బయటికి తీసిన పరిమాణం రాసిన పేజీ ఫొటో వెంట ఉంచుకోవాలి.

చిరుతల్ని పట్టడానికి కొట్టే మత్తు తుపాకీలో ఉండేదీ ఇదేనా?

చాలావరకు ఇదే. జైలజీన్, కెటమిన్ చిక్కగా కలిపిన దాన్ని ‘హెల్లాబ్రున్ మిశ్రమం’ అంటారు. పులులకూ చిరుతలకూ దేశమంతా వాడుతున్నారు. ఊళ్లోకి చిరుత వచ్చిన రాత్రి మందు కోసం వెతుక్కునే పరిస్థితి ఎవరికీ రాకూడదు.

## రిజిస్టరు

కెటమిన్ రిజిస్టరులో ఏమేం రాయాలి?

గట్టి అట్ట ఉన్న, పేజీ నంబర్లు వేసిన పుస్తకం తీసుకోండి. విడి కాగితాలు వద్దు. కొన్న వైపు తేదీ, సరఫరాదారు పేరు, అడ్రసు, బిల్లు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, పరిమాణం. వాడిన వైపు వరస నంబరు, తేదీ, యజమాని పేరు, జంతువు, బరువు, ఏ పనికి, ఎన్ని మి.లీ., మిగిలింది ఎంత, సంతకం. నా పుస్తకంలో ఒక వరస ఇలా ఉంటుంది: ‘ఆడ కుక్క, 18 కిలోలు, గర్భసంచి తొలగింపు, 1.8 మి.లీ., నిల్వ 8.2’. ఇది రాయడానికి ఒక్క నిమిషం పడుతుంది. రాత్రి గుర్తుచేసుకుని రాద్దామనుకుంటే మాత్రం తప్పులే వస్తాయి.

నెలాఖరుకి లెక్క తేలట్లేదు. ఎవరూ దొంగిలించలేదు. మరి మందు ఎక్కడికి పోతోంది?

ఈ ఫోన్ నెలకొకటైనా వస్తుంది. జవాబు సిరంజిలోనే ఉంది. 10 మి.లీ. సీసాలోంచి వరసగా 1.8, 2.2, 0.6, 1.9, 2.4 తీశారనుకోండి. మొత్తం 8.9, కాబట్టి 1.1 మిగలాలి. సీసా తిప్పి సిరంజిలోకి లాగి చూస్తే 0.7 మాత్రమే వస్తుంది. మీరు గీత దాకా లాగిన మందు కాక, సిరంజి మూతిలోనూ సూది మెడలోనూ ప్రతిసారీ ఒక చుక్క అదనంగా నిలుస్తుంది. అది జంతువులోకి వెళ్లదు, సిరంజితోపాటే చెత్తబుట్టలోకి పోతుంది. అయిదుసార్లు తీస్తే అయిదు చుక్కలు. సూది మార్చినా, బుడగ పోవడానికి కొంచెం బయటికి చిమ్మినా ఇంకా పోతుంది.

దీన్ని దాచడానికి జంతువుకు ఇచ్చిన మోతాదును రిజిస్టరులో పెంచి రాసేవాళ్లున్నారు. ఆ పని చేయకండి. రేపు అదే కుక్క మళ్లీ వస్తే, మీ తప్పుడు అంకె చూసి ఇంకో డాక్టరు మోతాదు లెక్కేస్తాడు. సీసా ఖాళీ అయిన రోజున ‘సిరంజిలో మిగులు 0.4’ అని విడిగా ఒక వరస రాసి ఇద్దరు సంతకం పెట్టండి. పిల్లులకు సూది అతికే ఉన్న ఇన్సులిన్ సిరంజి వాడితే ఈ నష్టం బాగా తగ్గుతుంది. ప్రతి సీసాకూ ఇంచుమించు అంతే తేడా వస్తుంటే అది సహజం. ఒక నెల ఉన్నట్టుండి రెండింతలైతే మాత్రం లాకర్ తాళం ఎవరెవరి చేతుల్లో తిరుగుతోందో చూసుకోండి.

ఎన్నేళ్లు దాచాలి?

షెడ్యూల్ కె షరతు ప్రకారం చివరి నమోదు నుంచి కనీసం రెండేళ్లు. నేను పారేయకుండా అన్నీ ఉంచుతాను, అరలో రెండు అంగుళాల చోటే కదా పట్టేది.

రిజిస్టరు మా కంపౌండర్‌తో రాయించవచ్చా?

రాయించండి, కానీ తాళం మీ దగ్గర, సంతకం మీది. అయితే తేడా వస్తే ముందుగా నింద పడేది జీతం తక్కువున్న ఆ అబ్బాయి మీదేనని గుర్తుంచుకోండి. అతన్ని కాపాడేది కూడా మీరు సరిగ్గా పెట్టిన సంతకాలే.

## తేడా వస్తే

సీసా కిందపడి పగిలింది. ఏం చేయాలి?

తుడిచే ముందు ఫొటో తీయండి. లేబుల్ ఉన్న గాజుముక్క తీసి కవర్లో పెట్టండి. ఎంత పోయిందో అప్పుడే రాసి, చూసినవాళ్లతో సంతకం పెట్టించండి.

గడువు దాటిన సీసాలు సింక్‌లో పోసేయవచ్చా?

వద్దు. విడిగా ‘గడువు దాటినవి’ అని రాసి లాకర్లోనే పెట్టండి. సరఫరాదారు వెనక్కి తీసుకుంటాడేమో అడగండి, లేకపోతే ఔషధ నియంత్రణ కార్యాలయానికి ఉత్తరం రాసి వాళ్లు చెప్పినట్టు చేయండి. ఉత్తరం నకలు మీద అందినట్టు ముద్ర వేయించుకోవడం మరిచిపోవద్దు.

స్టాక్ దొంగతనం అయితే? చెబితే మనల్నే అనుమానిస్తారేమో అని భయం.

ఆ భయం నాకు అర్థమవుతుంది. అయినా అదేరోజు పోలీసులకూ ఔషధ నియంత్రణ కార్యాలయానికీ రాసి ఇవ్వండి. మీరు చెప్పకుండా ఉన్న మందు ఎక్కడో పట్టుబడి, బ్యాచ్ నంబరు వెంట మీ తలుపు దాకా వస్తే, అప్పుడు చెప్పుకోవడం చాలా కష్టం.

లెక్క తప్పితే నిజంగా జైలేనా?

సిరంజి చుక్కల తేడాకు ఎవరూ జైలుకి పంపరు. చట్టవిరుద్ధంగా ఉంచుకోవడం, అమ్మడం రుజువైతే మాత్రం శిక్ష పెద్దదే. 10 గ్రాముల లోపు ఏడాది వరకు జైలు లేదా పదివేల వరకు జరిమానా, లేదా రెండూ. అంతకు మించితే పదేళ్ల వరకు. 500 గ్రాములు దాటితే పదేళ్లకు తగ్గకుండా ఇరవై ఏళ్ల వరకు. ఈ అంకెలు చూసి భయపడి కెటమిన్ వాడటమే మానేసిన తోటి వైద్యులు నాకు తెలుసు. వాళ్లను తప్పుపట్టలేను. కానీ వాళ్ల దగ్గరికి వచ్చే జంతువుల సంగతి తలుచుకుంటే మనసు మనసులో ఉండదు.

## ఇంకా అడిగేవి

అమెరికాలో ఉన్న మావాడు కూడా వెట్ డాక్టరే. అక్కడ ఇంత ఇబ్బంది లేదంటాడు, నిజమా?

అక్కడా నియంత్రణ ఉంది, కాకపోతే దారి కూడా ఉంది. 1999 నుంచి కెటమిన్ అక్కడ షెడ్యూల్ 3 మందు. పశువైద్యుడు డ్రగ్ ఎన్‌ఫోర్స్‌మెంట్ సంస్థ దగ్గర తన పేరునే రిజిస్టరు చేసుకుని కొంటాడు. ఒకప్పుడు రిజిస్టరైన అడ్రసు దాటి మందు తీసుకెళ్తే తప్పయ్యేది. పొలాలకు వెళ్లే వైద్యుల గోడు విని 2014లో ప్రత్యేకంగా చట్టం చేసి సరిచేశారు. బ్రిటన్ అయితే 2015లో ఇంకా బిగించింది.

అసలు ఈ రూల్స్ ఎత్తేయమంటారా?

అననే అనను. 2006లో పశువులకు డైక్లోఫినాక్ అనే నొప్పి మందు నిషేధించినప్పుడు మాకూ ఇబ్బందయింది. ఆ మందు వాడిన పశువుల కళేబరాలు తిని చచ్చిపోతున్న రాబందుల కోసం ఒప్పుకున్నాం, మెలాక్సికామ్ అనే వేరే నొప్పి మందుకి మారాం. కెటమిన్‌కి అలా మారడానికి సమానమైన మందు లేదు. 2015లో దీన్ని ప్రపంచమంతటా నియంత్రించాలని చైనా ఐక్యరాజ్యసమితిలో ప్రతిపాదించినప్పుడు, పేద ప్రాంతాల్లో ఆపరేషన్లు ఆగిపోతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ వద్దంది. ఆ నిర్ణయం వాయిదా పడింది. నేను అడిగేది మూడే. కౌన్సిల్ నంబరు మీద పశువుల క్లినిక్ నేరుగా కొనుక్కునే వీలు. 105-ఎలో ఆసుపత్రి అన్న మాటకు పశువుల క్లినిక్ కూడా వస్తుందని ఒక స్పష్టమైన వాక్యం. పల్లెకు తీసుకెళ్లే మందుకు ఒక అనుమతి పత్రం. లెక్క ఎంత గట్టిగా అడిగినా చూపిస్తాం.

యజమానులుగా మేం చేయగలిగింది ఏమైనా ఉందా?

వేచి ఉండగలిగే ఆపరేషనైతే రెండు వారాల ముందే తేదీ అడగండి, మందు తెప్పించడానికి టైం ఉంటుంది. మిగిలిన మందు ఇంటికివ్వమని అడగకండి. ఆరోజు కుక్క బరువు తూచేటప్పుడు పక్కనే ఉండి, ముల్లు మీద చూసిన అంకెనే రిజిస్టరులో రాశారో లేదో చూడండి.